భార్య విడిగా ఉంటోంది, బిడ్డను చూడటం ఎలా? తండ్రులు వరసగా చేయాల్సిన పనులు

“అన్నా, మా ఆవిడ పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. మూడు నెలలైంది. నా ఫోన్ ఎత్తడం లేదు. పాపను ఒక్కసారి చూడాలంటే ఏం చెయ్యాలి?”

ఊరు మారుతుంది, పాపకు బదులు బాబు ఉంటాడు, ప్రశ్న మాత్రం ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పడం కన్నా ఒకసారి రాసి పెడితే మేలనిపించింది. నేను లాయర్ని కాదు. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు ఈ దారిన పడ్డవాణ్ణి. ఫ్యామిలీ కోర్టు వరండాలో వాయిదాలకు నిలబడ్డ రోజుల్లో నేను చేసిన తప్పులు, పక్కన నిలబడ్డవాళ్ళు చేసిన తప్పులు, అవే నా చదువు.

మొదట ఒకటి తేల్చుకోండి. తప్పెవరిది, కాపురమా విడాకులా, బంగారం ఎవరి దగ్గరుంది, ఇవన్నీ ఒక మూట. బిడ్డను కలవడం వేరే మూట. మొదటిది విప్పడానికి ఏళ్ళు పట్టొచ్చు. రెండోదాన్ని తీసుకెళ్ళి దానికే ముడివేస్తే, మూట విప్పేసరికి బిడ్డ మిమ్మల్ని ‘అంకుల్’ అని పిలిచే వయసుకు వస్తుంది. అందుకని ఈ రెండో మూట గురించే రాస్తున్నాను.

ఇంకో మాట, కాస్త కటువుగా ఉంటుంది. ఆమె వెళ్ళిపోవడానికి కారణం మీ చెయ్యో, మీ తాగుడో అయితే కింద అంకెలు వేసి రాసిన పనులన్నీ పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. మత్తు మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత నంబరు 14446. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో వైద్యం దొరుకుతుంది. వైద్యం చేయించుకుంటున్న కాగితం మీకు అవమానం కాదు. రేపు జడ్జిగారు “బిడ్డను ఈయన చేతికి ఇవ్వొచ్చా” అని ఆలోచించేటప్పుడు మీ తరఫున మాట్లాడేది అదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఇవి లేకుండా ఎక్కడికి వెళ్ళినా “అవి పట్టుకుని రండి” అని వెనక్కి పంపుతారు.

- పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అది లేకపోతే శుభలేఖ, పెళ్ళి ఫొటోలు
- బిడ్డ జనన ధ్రువీకరణ పత్రం, బిడ్డ ఆధార్ నకలు ఉంటే అది
- మీ ఆధార్, అడ్రస్ ప్రూఫ్, ఆదాయం చూపే కాగితాలు (జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, లేదా తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం)
- బిడ్డ స్కూలు ఫీజు, ఆసుపత్రి బిల్లులు, టీకాల కార్డు: మీరు కట్టినవి, మీరు వెంట వెళ్ళినవి
- భార్య, బిడ్డ ఇప్పుడుంటున్న ఇంటి పూర్తి చిరునామా. కోర్టు నోటీసు వెళ్ళాల్సింది అక్కడికే
- ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు

నోటుబుక్కు ఎందుకంటారా? తేదీ, సమయం, ఏం జరిగింది, అంతే రాయాలి. “12న సాయంత్రం 6కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. 14న పాప ఫీజు 8,000 పంపాను.” తిట్లు, బాధలు అందులో రాయకండి, వాటికి వేరే చోటు ఉంది, చెబుతాను. ఏడాది తర్వాత మీ జ్ఞాపకాన్ని ఎవరూ నమ్మరు, చివరికి మీరే నమ్మరు.

1. మొదటి వారం: చేయకూడనివే ఎక్కువ

బావమరిదికి బుద్ధి చెబుదామని నలుగురిని కారెక్కించుకుని అత్తగారింటికి వెళ్ళకండి. నేను చూసిన కేసుల్లో సగానికి సగం అక్కడే చెడ్డాయి. మీరు బిడ్డ కోసమే వెళ్ళినా, వీధిలో కేకలు విన్న పక్కింటివాళ్ళు సాక్షులవుతారు, మీ మీద. స్కూలు గేటు దగ్గర బిడ్డను ఎత్తుకొచ్చేయడం ఇంకా పెద్ద తప్పు. తండ్రి కాబట్టి ‘కిడ్నాప్’ కాదులే అని ఎవరైనా ధైర్యం చెప్పొచ్చు. కేసు సంగతి ఎలా ఉన్నా, బిడ్డకు మాత్రం అది జీవితాంతం గుర్తుండిపోయే భయం, మీకు కోర్టులో చెరగని మచ్చ.

వాట్సాప్ స్టేటస్‌లలో సామెతలు, ఫేస్‌బుక్‌లో ఆమె ఫొటో పెట్టి రాతలు, ఆమె ఆఫీసుకు ఫోన్లు, ఇవేవీ వద్దు. ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ ఉంటుంది.

ఈ వారంలో చేయాల్సింది ఒకటే, మిమ్మల్ని మీరు నిలబెట్టుకోవడం. రాత్రి నిద్ర పట్టకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలి మానస్, 2022 అక్టోబరులో మొదలైంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. “మగాడినై ఉండి ఫోన్లో ఏడవనా” అని మూడు వారాలు ఆగిన ఒకాయన, చివరికి చేసి నాతో అన్నమాట: “ఎదురు ప్రశ్న వెయ్యకుండా విన్నది వాళ్ళొక్కరే.” ప్రాణాపాయం అనిపిస్తే ఏ ఆలోచనా లేకుండా 112.

బంధువుల్లో ఒక్కరినే ఎంచుకుని విషయం మొత్తం చెప్పండి. ఒక్కరు చాలు. అగ్గికి గాలి విసిరే రకం కాకుండా, మీ తప్పు కూడా మీ ముఖం మీద చెప్పగలిగే మనిషి అయితే మంచిది. నా విషయంలో ఆ మనిషి మా పెద్దమ్మ.

2. డబ్బు ఆపకండి

“బిడ్డను చూపించనప్పుడు నేనెందుకు పంపాలి?” అని అడగని తండ్రి లేడు. కడుపుమంట అర్థమవుతుంది. కానీ చట్టం ఈ రెండింటినీ కలపదు. బిడ్డ పోషణ మీ బాధ్యత, బిడ్డను కలవడం మీ ఇద్దరి అవసరం, ఒకటి ఆగిందని రెండోది ఆపకూడదు.

చేతనైనంత, ప్రతి నెలా ఒకే తేదీకి, బ్యాంకు ద్వారా పంపండి. యూపీఐ అయితే నోట్‌లో ‘పాప స్కూలు ఫీజు జూన్’ అని రాయండి. చేతికి నగదు ఇవ్వకండి, మామగారి చేతికైతే అసలు వద్దు. ఆమె ఖాతా నంబరు లేకపోతే స్కూలుకు నేరుగా ఫీజు కట్టి రసీదు దాచుకోండి. డబ్బు తిప్పి పంపించేశారా? మంచిదే, తిరిగొచ్చిన ఆ ఎంట్రీ మీ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది.

ఆదాయం దాచే ఆలోచన కూడా మానుకోండి. భరణం విషయంలో సుప్రీంకోర్టు 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరాలతో అఫిడవిట్ వేయాలి. ఉద్యోగం మానేసినట్టు చూపిస్తే భరణం తగ్గుతుందని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి కోర్టు ముందు టీ కొట్టు దగ్గరా ఉంటారు. అఫిడవిట్‌లో అబద్ధం బయటపడితే ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్నీ నమ్మరు, బిడ్డ గురించి చెప్పే నిజంతో సహా.

3. అడిగే పద్ధతి: చిన్న మెసేజ్, వారానికి రెండుసార్లు

రోజుకు నలభై మిస్డ్ కాల్స్ చేస్తే అది ప్రేమలా కనిపించదు, వేధింపులా కనిపిస్తుంది. వారానికి రెండు మెసేజ్‌లు, బిడ్డ గురించి మాత్రమే. నమూనా:

“పాపకు జలుబు తగ్గిందా? ఆదివారం సాయంత్రం 5కి పది నిమిషాలు వీడియో కాల్ చేయొచ్చా? ఆ టైం కుదరకపోతే నీకు వీలైన టైం చెప్పు.”

ఇలా వద్దు: “నా కూతుర్ని నాకు కాకుండా చేస్తున్నారు, దేవుడు చూస్తున్నాడు.” దేవుడు చూసినా చూడకపోయినా, ఆ మెసేజ్‌ను ఆమె లాయరు చూస్తాడు.

జవాబు రాకపోయినా మానకండి. జవాబులేని ఈ మెసేజ్‌ల వరసే రేపు “నేను అడుగుతూనే ఉన్నాను” అనడానికి ఆధారం. మీరు ఎటూ వెళ్ళకుండా ఉన్నారని బిడ్డ పెద్దయ్యాక తెలుసుకోవడానికీ అదే ఆధారం.

ఒక్క హెచ్చరిక. గృహహింస చట్టం కింద మీరు ఆమెను సంప్రదించకూడదని ఆర్డరు ఉంటే ఒక్క మెసేజ్ కూడా పంపకండి, చుట్టాల ఫోన్ నుంచి కూడా. అప్పుడు మాట కోర్టు ద్వారానే వెళ్ళాలి. ఆ చట్టంలోని 21వ సెక్షన్‌లో బిడ్డను తండ్రి కలిసే ఏర్పాటు గురించి ఉంది, మీ లాయర్ని దాని గురించి అడగండి.

4. పెద్దమనుషుల పంచాయితీ, లేదా మీడియేషన్

మన దగ్గర ముందు పెద్దమనుషులే కూర్చుంటారు. వాళ్ళను తీసిపారేయను, ఇరువైపులా గౌరవం ఉన్న మనిషి ఒక్కడుంటే ఆరు నెలల కోర్టు పని ఒక పూటలో అవుతుంది. కాని చాలా పంచాయితీలు బిడ్డ గురించి మొదలై, సామాన్ల లిస్టు దగ్గర కొట్లాటై, పెట్టుపోతల లెక్కతో ముగుస్తాయి. మీరు కూర్చుంటే ముందే చెప్పండి: “ఇవాళ పాపను కలవడం ఒక్కటే మాట్లాడదాం.”

అన్నిటికన్నా పెద్ద తప్పు, వంద రూపాయల బాండు పేపర్ మీద ‘విడాకులు’ రాసుకుని సంతకాలు పెట్టడం. హిందూ వివాహ చట్టం కింద పెళ్ళయినవాళ్ళకు విడాకులు ఇవ్వాల్సింది కోర్టు. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని చట్టం కాదనదు గానీ, ఆ ఆచారం ఉందని రుజువు చేయాల్సిన భారం మీ మీద పడుతుంది. బాండు పేపర్ నమ్ముకుని రెండో పెళ్ళి చేసుకుని ఇబ్బందుల్లో పడ్డవాళ్ళు నాకు తెలుసు.

దీనికన్నా మంచి దారి ఒకటుంది, చాలామందికి తెలియదు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ ఒక అర్జీ ఇవ్వొచ్చు, దాన్ని ప్రీ లిటిగేషన్ అంటారు. వాళ్ళు అవతలివాళ్ళకు నోటీసు పంపి ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. దీనికి కోర్టు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. అర్జీ తెలుగులో, ఒక పేజీ చాలు: మీరెవరు, పెళ్ళి తేదీ, బిడ్డ పేరు వయసు, ఎప్పటినుంచి విడిగా ఉన్నారు, మీరు కోరేది ఏమిటి. కోరేది స్పష్టంగా ఉండాలి. “న్యాయం చేయాలని” రాస్తే ఏం చేయాలో వాళ్ళకు తెలియదు. “ప్రతి ఆదివారం పాపను నాలుగు గంటలు కలిసే ఏర్పాటు చేయాలని” రాయండి.

అక్కడ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుగా, అంటే తీర్పుగా, రాయించుకోండి. దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దాని మీద అప్పీలు ఉండదు. నోటిమాటగా ఒప్పుకుని, చేతులు కలుపుకుని బయటికి రాకండి. నేను అలాగే వచ్చాను. రెండో ఆదివారానికే మాట మారిపోయింది.

అవతలివాళ్ళు రెండుసార్లు పిలిచినా రాకపోతే అక్కడ వేలాడకండి. పిలిచినా రాలేదని తెలిపే కాగితం అడిగి తీసుకుని తర్వాతి మెట్టుకు వెళ్ళండి.

5. లాయరు: డబ్బున్నా, లేకపోయినా

“ఉచిత న్యాయ సాయం ఆడవాళ్ళకే, మగాళ్ళకు రాదు” అన్నది సగం నిజం. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా వస్తుంది. మగవాళ్ళలో ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు కూడా వస్తుంది. మిగతావాళ్ళకు ఆదాయం రాష్ట్రం పెట్టిన పరిమితిలో ఉంటే వస్తుంది. మీరు అందులోకి వస్తారో లేదో 15100కు ఫోన్ చేసి అడగండి, లేదా ఇందాక చెప్పిన ఆఫీసులోనే అడగండి. చిన్న ఊళ్ళలో మండల న్యాయ సేవా కమిటీ కోర్టు దగ్గరే ఉంటుంది. వాళ్ళు పెట్టే లాయరుకు (ప్యానెల్ లాయరు అంటారు) మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు. అడిగితే ఆ ఆఫీసులోనే చెప్పండి.

సొంతంగా పెట్టుకుంటే, నేరుగా ఒక ప్రశ్న వేయండి: “బిడ్డను కలిసే మధ్యంతర ఆర్డరు కోసం మీరు ఎంత త్వరగా ఐఏ వేస్తారు?” ఐఏ అంటే అసలు కేసు తేలేలోపు మధ్యలో వేసే దరఖాస్తు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా “ముందు ఆమె మీద నాలుగు కేసులు పడేద్దాం, దారికొస్తుంది” అన్న లాయరు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. నాలుగు కేసులంటే నాలుగు ఫీజులు, ఎనిమిది కౌంటర్లు (ఎదుటివాళ్ళు వేసే జవాబులు). బిడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టకండి. మీ తరఫున వాదించడానికి లాయరుకు అధికారమిచ్చే వకాల్తా మీద పెడితే చాలు. వేసిన ప్రతి పిటిషన్ నకలు తీసుకుని, ఇంగ్లీషు రాకపోతే ఎవరితోనైనా తెలుగులో చెప్పించుకోండి. మీ పేరు మీద భార్య గురించి అందులో ఏం రాశారో మీకు తెలియాలి. ఆ రాతలు చదివి ఇక రాజీ మాటే వద్దనుకున్న ఆడవాళ్ళున్నారు. ఆ రాతలు తమ భర్తలు చదవనేలేదని వాళ్ళకు తెలియదు పాపం.

తండ్రుల కోసం పనిచేసే బృందాలు కూడా ఉన్నాయి. సేవ్ ఇండియన్ ఫ్యామిలీ, బెంగళూరులో క్రిస్ప్ లాంటివి. మీలాంటి పదిమందిని చూస్తే గుండె బరువు కొంచెం దిగుతుంది, వాయిదాలు ఎలా నడుస్తాయో తెలుస్తుంది. అయితే గుంపులో కోపం కూడా అంటుకుంటుంది. అక్కడికెళ్ళి వచ్చాక మీకు బిడ్డ మీద ధ్యాస పెరిగిందా, భార్య మీద కసి పెరిగిందా అన్నది మీరే చూసుకోండి. రెండోదైతే వెళ్ళడం తగ్గించండి.

6. ఏ పిటిషన్, ఎక్కడ, ఏం అడగాలి

విడాకుల కేసో, కాపురానికి రమ్మనే కేసో ఇప్పటికే నడుస్తుంటే అందులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద బిడ్డను కలవడానికి దరఖాస్తు వేయొచ్చు. ఏ కేసూ లేకపోతే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 కింద వేయాలి. కోర్టు మాటల్లో జీడబ్ల్యూఓపీ అంటారు. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తోందో ఆ ప్రాంతపు కోర్టులో వేయాలి. మీరు కూకట్‌పల్లిలో ఉండి బిడ్డ రాజమండ్రిలో ఉంటే మీరే రాజమండ్రి వెళ్ళాలి. ఇది తెలియక సొంతూళ్ళో వేసి, ఎనిమిది నెలల తర్వాత ‘పరిధి లేదు’ అని తిరిగి తెచ్చుకున్నవాళ్ళున్నారు.

అసలు కిటుకు ఇక్కడుంది. ప్రధాన కేసు తేలడానికి చాలా కాలం పడుతుంది. దాంతోపాటే, అదే రోజు, మధ్యంతరంగా బిడ్డను కలిసే ఆర్డరు కోసం ఐఏ వేయించండి. గార్డియన్స్ చట్టంలో 12వ సెక్షన్ దీనికే. మా లాయరు గారు ఇది “తర్వాత వేద్దాం” అన్నారు, నేను తల ఊపాను. ఆ తల ఊపుడు నాకు ఏడు నెలలు ఖరీదు చేసింది.

ఏం అడగాలన్నది బిడ్డ వయసును బట్టి ఉంటుంది. అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 1956 చెబుతుంది. అదే చట్టంలో తండ్రి సహజ సంరక్షకుడని కూడా ఉంది కదా అని ఎగిరిపడకండి. అన్నిటికీ మించి చూసేది బిడ్డ క్షేమం. రెండేళ్ళ బిడ్డకు పూర్తి కస్టడీ కావాలని పంతంతో వేసే పిటిషన్ ఎక్కువగా నిలవదు. పైగా అవతలివాళ్ళు “బిడ్డను లాగేసుకుంటాడు” అన్న భయంతో కలవడానికి కూడా ఒప్పుకోరు. చిన్నపిల్లలకు తరచుగా, కొద్దిసేపు అడగండి: వారానికి రెండుసార్లు రెండేసి గంటలు, తల్లి ఇంటికి దగ్గర్లో. బిడ్డ మిమ్మల్ని గుర్తుపట్టి, మీతో నిద్రపోయే చనువు వచ్చాక రాత్రి ఉండేట్టు అడగొచ్చు.

బడి ఈడు పిల్లలకైతే కాగితం మీద ఇలా రాసుకుని లాయరుకు ఇవ్వండి:

- ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా
- రోజూ రాత్రి ఫలానా టైమ్‌కి పది నిమిషాలు వీడియో కాల్
- పుట్టినరోజున రెండు గంటలు
- సంక్రాంతి, దసరా సెలవుల్లో సగం, వేసవిలో రెండు వారాలు
- నానమ్మ, తాతయ్య కూడా కలిసేట్టు (ఇది రాయించకపోతే వాళ్ళను గేటు బయటే ఆపేస్తారు)
- బిడ్డను ఎవరు తెస్తారు, ఎక్కడ అప్పగిస్తారు, తిరిగి ఎక్కడ
- స్కూలు మార్కుల కార్డులు, ఆసుపత్రి సమాచారం తండ్రికి కూడా అందేట్టు

వీడియో కాల్ గురించి సంకోచించకండి. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, బిడ్డ తన దగ్గర లేని తల్లి లేదా తండ్రి రోజూ అయిదు పది నిమిషాలైనా మాట్లాడగలగాలని చెప్పింది. ఐఏలో ఆ తీర్పు పేరు ఉండేట్టు చూసుకోండి.

కాస్త పెద్ద పిల్లలతో జడ్జిగారు ఛాంబర్లో విడిగా మాట్లాడి వాళ్ళ ఇష్టం కనుక్కుంటారు. దానికోసం బిడ్డకు జవాబులు నేర్పించకండి. జడ్జీలు రోజూ చూసేది ఇలాంటి పిల్లలనే, నేర్పించిన మాట రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

సరిచూసుకోవడం: కేసుకు నంబరు పడ్డాక 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) అడిగి తీసుకోండి. ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడు, పోయిన వాయిదాలో ఏం జరిగింది అన్నీ కనిపిస్తాయి. నోటీసు అందిందా లేదా అన్నది మొదటి రెండు వాయిదాల్లో ముఖ్యం. అడ్రసు తప్పుండి నోటీసు తిరిగొస్తే కేసు కదలదు, మీకు మాత్రం వాయిదాలు పడుతున్నట్టే కనిపిస్తుంది.

7. పోలీస్ స్టేషన్ నుంచి పిలుపు వస్తే

వెళ్ళండి. దాక్కోకండి. భార్యను వేధించారన్న కేసు పెట్టే పాత 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు నోటీసు ఇస్తారు, ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) కింద వస్తుంది. నోటీసులో రాసిన రోజున హాజరవకపోతే ఆ రక్షణ పోతుంది. భయంగా ఉంటే ముందస్తు బెయిల్ గురించి లాయరుతో మాట్లాడండి.

మహిళా పోలీస్ స్టేషన్‌లోనో, పోలీసులు ఆడవాళ్ళ కోసం నడిపే భరోసా కేంద్రంలోనో కౌన్సెలింగ్‌కు పిలిస్తే దాన్ని పరువు సమస్య చేసుకోకండి. అక్కడ మీ గోడు అంతా చెప్పడానికి టైం ఉండదు. బిడ్డను కలిసే ఏర్పాటు ఒక్కటే అడగండి. కుదిరితే కాగితం మీద రాయించుకోండి. అది కోర్టు ఆర్డరు కాదన్న సంగతి మాత్రం గుర్తుండాలి.

8. ఆర్డరు వచ్చింది, మొదటిసారి కలవబోతున్నారు

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే లాయర్లు ఇది చెప్పరు.

మొదటి కలయిక చాలాసార్లు కోర్టు ఆవరణలోని గదిలోనో, ఏదైనా మాల్‌లోనో ఉంటుంది. బిడ్డ పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంటుందని ఊహించుకుని వెళ్తారు. అలా జరగదు. మా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ చీర కొంగు వదల్లేదు. నేను పిలిచేకొద్దీ ఇంకా లోపలికి దూరింది. చేసేది లేక కింద కూర్చుని, సంచిలో ఉన్న కమలాపండు ఒలిచి ఒక్కో తొన గట్టు మీద పెట్టాను. మొదటి వారం ముట్టుకోలేదు. రెండో వారం అమ్మమ్మ చేతితో తీసుకుంది. మూడో వారం వచ్చి “గింజ తీశావా?” అని అడిగింది.

అందుకని ఖరీదైన బొమ్మలు, ఫోన్లు కొనుక్కెళ్ళకండి. చేత్తో చేసే పనులు పట్టుకెళ్ళండి: రంగు పెన్సిళ్ళు, అట్టముక్కలు, తినే పండు. ఏడవకండి. ఏడుపొస్తే బాత్రూముకు వెళ్ళి రండి. “అమ్మ నా గురించి ఏమంటోంది?”, “ఇంటికి ఎవరెవరు వస్తున్నారు?” అని అడగకండి, బిడ్డ మీ గూఢచారి కాదు. “నాన్నతో వచ్చేస్తావా?” అన్న ప్రశ్న కూడా వద్దు. ఏ జవాబు చెప్పినా ఎవరో ఒకరిని బాధపెట్టినట్టవుతుందని నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు. స్కూలు గురించి, స్నేహితుల గురించి, కుక్కపిల్ల గురించి మాట్లాడండి.

అప్పగించే టైమ్‌కు పది నిమిషాలు ముందే తిరిగి ఇచ్చేయండి. అయిదు గంటలన్నది అయిదున్నర అయితే తర్వాతి వారం దానికే గొడవ. బిడ్డకు తినిపించింది, వేసిన మందు తల్లికి ఒక మెసేజ్ పెట్టండి. ఇది మొక్కుబడి కాదు, ఈ చిన్న మెసేజ్‌ల వల్లనే మా మధ్య మళ్ళీ మామూలు మాట మొదలైంది. కాపురం కలవలేదు. మాట కలిసింది.

9. తేకపోతే?

ఆర్డరు ఉన్నా బిడ్డను తీసుకురాకపోవడం మామూలే: జ్వరం, చుట్టాల పెళ్ళి, పరీక్షలు. మొదటిసారి నిజమేననుకోండి. మీరు మాత్రం ఆ చోటికి వెళ్ళి పూర్తి సమయం కూర్చోండి. బస్సు టికెట్టు, టైముతో ఉన్న ఫొటో దాచండి, “వచ్చాను, ఎదురు చూశాను, వచ్చే వారం కలుద్దాం” అని మెసేజ్ పెట్టండి. నోటుబుక్కులో రాయండి. వరసగా రెండు మూడుసార్లు జరిగితే తేదీల పట్టికతో మెమోగానో, అమలు పిటిషన్‌గానో కోర్టు ముందు పెట్టించండి. పోయిన వారాలకు బదులు రోజులు కూడా అడగండి.

బిడ్డ ఎక్కడుందో కూడా తెలియకుండా చేస్తే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరే పిటిషన్) వేసే దారి ఉంది. అది ఖర్చుతో కూడింది, మామూలు అలకలకు వాడేది కాదు.

10. మీరు విదేశంలో ఉంటే

పిల్లల్ని తీసుకుని భార్య ఇండియా వచ్చేసిందని డల్లాస్ నుంచో, సిడ్నీ నుంచో రాసేవాళ్ళు ఎక్కువయ్యారు. పిల్లల్ని దేశం దాటించడం మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. కాబట్టి అక్కడి కోర్టు ఆర్డరు తెచ్చి చూపిస్తే ఇక్కడ ఆటోమేటిక్‌గా అమలు కాదు. ఇక్కడి కోర్టు బిడ్డ క్షేమాన్ని మళ్ళీ తానే చూస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ “బిడ్డ ఇక్కడ అలవాటు పడింది” అన్న వాదన బలపడుతుంది, కాబట్టి వెంటనే కదలాలి. ఇక్కడ మీ తరఫున అమ్మానాన్నలు నడవాలంటే పవర్ ఆఫ్ అటార్నీ పంపండి, అది ఇండియాకు చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. హాజరు వీడియోలో ఇవ్వడానికి ముందుగా అనుమతి పిటిషన్ వేయించండి. డల్లాస్‌లో రాత్రి రెండు గంటలప్పుడు ఇక్కడ మీ కేసు పిలవొచ్చు, అలారం పెట్టుకోండి.

ఎక్కువమంది అడిగే మిగతావి

“ఫోన్ రికార్డింగులు పనికొస్తాయా?” భార్యాభర్తల కేసుల్లో అలాంటివి చూడొచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. వాటికి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. కాని బిడ్డతో మాట్లాడేటప్పుడు రికార్డు చేయడం మొదలుపెట్టకండి. మీ గొంతు మారిపోతుంది, పిల్లలు పసిగట్టేస్తారు.

“లాయరు లేకుండా నేనే వాదించుకోవచ్చా?” ఫ్యామిలీ కోర్టులో కుదురుతుంది. అక్కడ లాయర్ని పెట్టుకోవడం హక్కుగా లేదని 1984 చట్టం 13వ సెక్షన్లోనే ఉంది. చిన్న ఐఏలకు పరవాలేదు. సాక్ష్యాల దశకు వచ్చాక మాత్రం ఒంటరిగా దిగకండి.

“ఒకసారి ఆర్డరు వస్తే అదే ఖాయమా?” కాదు. బిడ్డను కలిసే ఆర్డర్లు పరిస్థితిని బట్టి మారతాయి. రెండేళ్ళ బిడ్డకు రాసిన ఏర్పాటు బడికి వెళ్ళే బిడ్డకు సరిపోదు. మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరినప్పుడు ఆదివారం ఉదయం డ్యాన్స్ క్లాసు పెట్టారు, నా నాలుగు గంటల్లో రెండు అక్కడికే పోయాయి. మొదట కోర్టుకు వెళ్దామనుకున్నాను. చివరికి క్లాసుకు నేనే తీసుకెళ్తానని అడిగాను, సరేనన్నారు. ఆ రెండు గంటలూ తలుపు బయట చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ణి.